సింకు దగ్గర్నుంచి కనపడే ఆకు

అక్టోబరు 14, శనివారం. ఉదయం ఎనిమిదీ ఇరవైకి నోరీన్ హేగ్ తన పెరటి గోడకి పంతొమ్మిది అట్ట ఆకులు అంటించింది. ఎనిమిదీ నలభైకి ఆమె భర్త విల్ఫ్ వాటిలో పదకొండు పీకేశాడు. తొమ్మిది కొట్టేలోగా ఆమె ఆ పదకొండూ మళ్ళీ అంటించింది.

గోడ ఆరడుగుల ఎత్తు, ఇరవై రెండడుగుల పొడవు. ఇటుక గోడ. టాడ్మోర్డెన్ అనే ఊళ్ళో వాళ్ళ ఇంటికీ పక్కింటి బెరిల్ పెరటికీ మధ్య ఉంది. వంటింటి సింకు ముందు నిలబడితే కిటికీలోంచి కనపడేది అదొక్కటే. కట్టింది విల్ఫ్. నలభై నాలుగేళ్ళు తాపీ పని చేసి, ఆరేళ్ళ కిందట మోకాళ్ళు సహకరించక మానేశాడు. ఇప్పుడు డెబ్భై రెండు. నోరీన్‌కి అరవై తొమ్మిది.

"గోడ మీద ఈ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా ఏమిటే?" అన్నాడు విల్ఫ్, గుప్పెట్లో అట్టముక్కలతో వంటింట్లోకి వస్తూ.

"ఆకులు."

"ఏం ఆకులు?"

"ఐవీ ఆకులు. కొనేముందు కొలత చూసుకుంటున్నా. బొటనవేలంతవి ఇక్కడ్నుంచి కనపడ్డం లేదు. అరచేతంతవి బాగా కనపడుతున్నాయి. నువ్వు పక్కకి జరుగు, ఆ మూలది చూడాలి."

విల్ఫ్ జరగలేదు. "ఐవీనా? ఈ గోడ మీదా?"

"మరి నీ నెత్తి మీదా?"

గోడలు పట్టుకుని పాకే ఐవీ తీగ ఆ ఇంట్లో పెళ్ళయినప్పటి నుంచీ నిషేధం. చర్చిల మీద నుంచీ మిల్లు గోడల మీద నుంచీ ఐవీ పీకించే పనికి విల్ఫ్‌నే పిలిచేవాళ్ళు. అది వేళ్ళు పెట్టి ఇటుకల మధ్య సిమెంటు మాలు తినేస్తుందని, ఇటుకలు వదులు చేస్తుందని ఎవరడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. ఒకసారి క్రిస్మస్‌కి కూతురు ఐవీ దండ తెస్తే తలుపు బయటే వేలాడదీయమన్నాడు.

"నా గోడ మీద ఐవీ ఎక్కదు," అన్నాడు.

"గోడ నీది. కిటికీ నాది. నలభై ఒక్కేళ్ళుగా గిన్నెలు కడుగుతున్నదీ నేనే. ఇటుకలు లెక్కపెట్టి లెక్కపెట్టి కంఠతా వచ్చేశాయి. ఇరవై నాలుగు వరసలు, వరసకి ఇరవై తొమ్మిది."

"అయితే కర్టెను వేసుకో."

"వేసుకోను. మొక్కలు వేస్తా."

తొమ్మిదిన్నరకి కూతురు గెయిల్ కారు తెచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు, అదే ఊళ్ళో రెండు వీధుల అవతల కాపురం. గుమ్మంలోనే తండ్రి అడ్డం పడ్డాడు.

"మీ అమ్మకి మతి పోయింది. అట్టముక్కలు గోడకి అంటిస్తోంది."

"మొన్న టీవీ రిమోట్ ఫ్రిజ్‌లో పెట్టింది ఎవరు నాన్నా?"

"అది వేరు."

"అమ్మా, పోనీ పెద్ద కుండీల్లో వేసుకుంటే? గోడ ముందర వరసగా పెడదాం. నాన్న కూడా ఊరుకుంటాడు."

"కుండీల్లో వేస్తే వెనక గోడ కనపడుతూనే ఉంటుంది," అంది నోరీన్, కోటు వేసుకుంటూ. అట్ట ఆకు ఒకటి సంచిలో పెట్టుకుంది. "పద."

కార్లో గెయిల్ మళ్ళీ ఆ మాటే ఎత్తింది. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకని అడిగింది.

"ఇన్నేళ్ళు లేదని నీకెవరు చెప్పారు?" అంది నోరీన్. "ఎనభై ఒకటి డిసెంబరులో నేను ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు అక్కడ చెక్క దడి ఉండేది. నడుం దాకా. ఇవతల నేను, అవతల బెరిల్. ఇద్దరం కడుపుతో ఉన్నాం. రోజూ దడి మీద టీ కప్పులు పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. క్రిస్మస్ ముందు దానికి కొడుకు పుట్టాడు. ముప్పయ్యో తారీఖున నాకు పాప. నీకు తెలుసు."

"తెలుసు," అంది గెయిల్. తనకి ముందు పుట్టి బతకని పాప సంగతి ఆమెకి పదమూడో ఏట అమ్మమ్మ చెప్పింది. ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"జనవరి ఎనిమిది, శుక్రవారం ఇంటికొచ్చా. దడి లేదు. గోడ ఉంది. ఎందుకు కట్టావంటే గాలి కొడుతోందన్నాడు మీ నాన్న. నన్నెవరూ అడగలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, ఓపిక లేక. ఆ తర్వాత బెరిల్‌తో మాట్లాడాలంటే ముందు గుమ్మం నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. వెళ్ళడం తగ్గింది. దాని మొహమూ మారింది. ఇప్పుడు బస్టాపులో వాన గురించి మాట్లాడుకుంటాం."

గెయిల్ సిగ్నలు దగ్గర ఆగింది.

"నేను చచ్చేలోగా ఆ కిటికీలోంచి నేను ఎంచుకున్నది ఒక్కటి చూడాలి," అంది నోరీన్. "మీ నాన్న ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. పచ్చ లైటు పడింది."

నర్సరీ యజమానురాలి పేరు ఫ్రీడా. అరవై దాటినావిడ. పొడవాటి షెడ్డులో బల్లల మీద ఐవీలు, ఒక్కో కుండీకి ఒక్కో చీటీ. నోరీన్ సంచిలోంచి అట్ట ఆకు తీసి చూపించింది.

"దీనికన్నా చిన్నది వద్దు. పద్నాలుగడుగుల దూరం నుంచి చూస్తాను."

ఫ్రీడా ఆ అట్టని తిప్పి చూసింది. "ఇంత సిద్ధపడి ఎవరూ రారమ్మా. పువ్వులున్నాయా అని అడుగుతారు. ఐవీకి ఆకే అన్నీ. గోడ ఎటు చూస్తుంది?"

"ఉత్తరం. ఎండ పడదు."

"అయితే బంగారు రంగు వాటి జోలికి పోకండి. ఇక్కడ మెరుస్తాయి. నీడలో రెండేళ్ళకి మామూలు పచ్చే. తెల్ల అంచువి తీసుకోండి, నీడలోనే వాటి అందం. చలికాలం కూడా కనపడాలా?"

"గిన్నెలు చలికాలం కూడా కడుగుతాను."

ఫ్రీడా నవ్వి, ఆమెని వెనక బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడున్న కుండీలో ఆకులు ముదురు పచ్చ. మంచు పడగానే ఊదారంగు తిరుగుతాయని, జనం చచ్చిపోయిందనుకుని పీకేస్తారని, మళ్ళీ ఏప్రిల్‌కి పచ్చబడుతుందని చెప్పింది. నోరీన్ దాన్ని తీసి పక్కన పెట్టుకుంది.

గెయిల్ ఒకటి చూపించింది. పక్షి పాదంలాంటి ఆకు, సన్నటి వేళ్ళు. "ఇది బాగుంది కదమ్మా."

"చేతిలో పట్టుకుంటే బాగుంది. మా సింకు దగ్గర్నుంచి గోడకి పగులు వచ్చినట్టు కనపడుతుంది."

గంటా పది నిమిషాలు పట్టింది. నోరీన్ ప్రతి కుండీ ముందూ అట్ట ఆకు పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, కళ్ళద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. అంచు ముడతలు పడే ఆకుని రెండుసార్లు పెట్టేసి మూడోసారి తీసుకుంది. హృదయం ఆకారంలో ఉన్నది ఒకటి, పెద్ద ఆకుది పాల అంచు ఉన్నది రెండు, మామూలు పచ్చది అరచేతంత ఆకుది రెండు. ఊదారంగు తిరిగేదానితో కలిపి ఏడు.

"గోడ పైకి ఎక్కాక ఆకు మారుతుంది," అంది ఫ్రీడా, కుండీలు పెట్టెలో సర్దుతూ. "కోణాలు పోయి గుండ్రబడుతుంది. జబ్బేమీ కాదు, ముదిరిందని అర్థం."

"ఎన్నేళ్ళకి?"

"పదేళ్ళకి."

"అప్పటికి నాకూ కోణాలు పోతాయిలెండి. ఇది గోడ తినేస్తుందంటాడు మా ఆయన. నిజమేనా?"

"మంచి గోడని ఏమీ చెయ్యదు. పైపైన పట్టుకుంటుంది. మాలు పాడైన గోడ అయితే సందుల్లోకి వేళ్ళు పోతాయి. ఇంటి తాళంచెవి తీసుకుని సందులో గుచ్చి చూడండి. తాళంచెవి దిగకపోతే ఐవీ కూడా దిగదు. ఎవరు కట్టారు?"

"ఆయనే. నలభై నాలుగేళ్ళు అదే పని."

"మరింకేం? దేనికి భయం?"

నోరీన్ అట్ట ఆకు సంచిలో పెట్టుకుంది. డబ్బు ఇచ్చి కారు వైపు నడిచింది.

పన్నెండూ పదికి ఇల్లు చేరారు. విల్ఫ్ పెరట్లో ఉన్నాడు. గోడ మీది అట్ట ఆకులన్నీ తీసేసి, కట్టగా కట్టి, మెట్టు మీద పెట్టాడు. గెయిల్ పెట్టె కింద దించింది. అతను ఆ ఏడు కుండీలకేసి చూశాడు.

"వెనక్కిచ్చెయ్."

"ఇవ్వను."

"నోరీన్, నేను ఒక్కసారే చెప్తా."

"నువ్వు ఏదైనా ఒక్కసారే చెప్తావు. దాంతోనే వచ్చింది చిక్కంతా." ఆమె కోటు జేబులోంచి తాళంచెవి తీసింది. గోడ దగ్గరికి వెళ్ళి వంగింది. అడుగున మూడో వరసలో సందులోకి గుచ్చింది. దిగలేదు. ఆరో వరసలో గుచ్చింది. దిగలేదు. "రాయిలా ఉంది. ఇదేం తింటుందయ్యా ఐవీ?"

"చాలు. లోపలికి పద," అన్నాడు విల్ఫ్.

ఆమె నడుం నిటారుగా చేసి, గుండె ఎత్తులో ఉన్న సందులో గుచ్చింది. తాళంచెవి పిడి దాకా దిగింది. బయటికి తీస్తే వెనకే ఇసుక కారింది. ఆమె పక్కకి జరిగి ఇంకో చోట గుచ్చింది. ఇంకో చోట. చెప్పుల మీద ఇసుక పడింది.

గెయిల్ తండ్రి వైపు చూసింది. విల్ఫ్ బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"మంచులో కట్టాను," అన్నాడు.

నోరీన్ తాళంచెవికి అంటిన ఇసుక తుడిచింది.

"కింద పదమూడు వరసలు బానే వచ్చాయి. సోమ, మంగళ. బుధవారం నుంచి చలికి అన్నీ గడ్డకట్టాయి. తొట్టిలో నీళ్ళు పగలగొట్టుకుని మాలు కలిపాను. గోనెసంచులు కప్పాను. ఏం లాభం. పైన పదకొండు వరసల్లో మాలు గట్టిపడలేదు, పుట్టగానే చచ్చిపోయింది. పనిలో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా చెప్తాం, మంచులో ఇటుక పెట్టకూడదని. నేనే ఎంతమందిని తిట్టానో."

"ఇన్నేళ్ళు ఎలా నిలబడింది?" అంది గెయిల్.

"ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. ఏటా ఆగస్టులో మీ అమ్మ వాళ్ళక్క దగ్గరికి వెళ్ళినప్పుడు సందులకి పైపైన పూసేవాణ్ణి. ఆరేళ్ళయింది పూసి. ఐవీ వేస్తే రెండేళ్ళలో పైనంతా విప్పేస్తుంది. వీధంతా చూస్తుంది, మేస్త్రి గోడ."

"ఆగలేకపోయావా?" అంది నోరీన్. "మంచు కరిగేదాకా ఆగలేకపోయావా?"

"నువ్వు శుక్రవారం వస్తున్నావు."

"వస్తే?"

విల్ఫ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "బెరిల్ రోజూ తాడు మీద పసివాడి గుడ్డలు ఆరేసేది. డజను, డజనున్నర. సరిగ్గా నీ సింకు కిటికీ ఎదురుగా. నువ్వొచ్చేసరికి అవి కనపడకూడదనుకున్నా. ఏం మాట్లాడాలో నాకు తెలీదు. తెలిసిన పని అదొక్కటే. దాన్నీ చెడగొట్టాను."

నోరీన్ గోడకి వీపు ఆనించి నిలబడింది. మాట్లాడినప్పుడు గొంతు పెరగలేదు.

"ఆస్పత్రిలో నాకు పాపని చూపించలేదు. నర్సు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయింది. చూడకపోవడమే మంచిదమ్మా అంది. ఇంటికొచ్చే బస్సులో నేనేం అనుకుంటూ వచ్చానో తెలుసా? దడి దగ్గరికి వెళ్ళి బెరిల్ కొడుకుని ఒకసారి ఇవ్వమని అడుగుదామని. ఒక్కసారి ఎత్తుకుందామని. వాళ్ళు చూడనివ్వలేదు. ఇంటికొస్తే నువ్వూ చూడనివ్వలేదు."

"నాకు తెలీదు."

"అడిగితే తెలిసేది."

"నువ్వు ఏడుస్తావని."

"ఏడిస్తే ఏమవుతుంది? సింకు ముందు నిలబడి ఏడవలేదనుకున్నావా? నీళ్ళు తిప్పి ఏడ్చాను, నీకు వినపడకుండా."

విల్ఫ్ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. గెయిల్ అతని దగ్గరికి ఒక అడుగు వేసింది. నోరీన్ చెయ్యెత్తి ఆపింది.

"ఉండనీ. ఆయన వంతు."

రెండు నిమిషాల తర్వాత ఆమె షెడ్డులోంచి మెట్ల బల్ల తెచ్చి గోడ కింద వేసింది. ఎక్కి, పై వరస చివర ఇటుకని రెండు చేతుల్తో పట్టుకుని కదిపింది. ఊడి వచ్చింది. దాన్ని గడ్డి మీదకి వేసింది.

విల్ఫ్ తలెత్తాడు. "ఏం చేస్తున్నావే?"

"చచ్చిన పదకొండు వరసలు తీసేస్తున్నా. బతికిన పదమూడు ఉంచుతా. నడుం ఎత్తు చాలు నా ఐవీకి."

"నోరీన్, పడతావు. దిగు."

"దిగను."

రెండో ఇటుక, మూడో ఇటుక. నాలుగోది జారి ఆమె కాలి పక్కన పడింది.

"అలా కాదు," అన్నాడు విల్ఫ్. బక్కెట్టు మీంచి లేవడానికి అతనికి రెండు ప్రయత్నాలు పట్టాయి. "విసరకు, అంచులు పోతాయి. గెయిల్, కింద నుంచుని అందుకో. గోడకి దూరంగా పేర్చు. నోరీన్, నువ్వు అటు చివర నుంచి రా, నేను ఇటు చివర నుంచి వస్తా. మధ్యలో ముట్టుకోకండి, ఒక్కసారిగా కూలుతుంది."

"చూశావా," అంది నోరీన్ కూతురితో, "మాట్లాడ్డం వచ్చు."

రెండో వరస తీస్తుండగా అవతలి నుంచి గొంతు వినపడింది.

"ఏం జరుగుతోంది అక్కడ? పోలీసుల్ని పిలవాలా?"

"పిలువు," అంది నోరీన్. "వాళ్ళనీ ఒక చెయ్యి వెయ్యమను."

బెరిల్ తల గోడ మీద కనపడింది. తనూ ఏదో స్టూలు ఎక్కినట్టుంది. జుట్టు ఉంగరాలు తిరగడానికి తలకి రోలర్లు చుట్టుకుంది. ఇటుకల కుప్ప చూసింది, విల్ఫ్‌ని చూసింది.

"గోడ తీసేస్తున్నారా?"

"సగం."

"ఎందుకు?"

"నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

బెరిల్ ఊడుతున్న రోలరు సర్దుకుంది. "నువ్వే కట్టించావనుకున్నానే నేను."

"నేనా?"

"నాకు బాబు, నీకు... నా మొహం చూడ్డం నీకు ఇష్టం లేదనుకున్నా. తలుపు కొడదామని నాలుగుసార్లు వచ్చి వెనక్కి పోయా. ఇంత గోడ కట్టించుకున్న మనిషి దగ్గరికి ఏ మొహంతో వెళ్ళను?"

"నేను వాణ్ణి ఎత్తుకుందామనుకున్నా బెరిల్."

"క్రెగ్‌నా?" బెరిల్ ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు వాడు నూట పది కేజీలు. బట్టతల. లారీ నడుపుతున్నాడు. కాస్త ఆలస్యం చేశావు."

నోరీన్ నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి ఏడుస్తోంది. మెట్ల బల్ల మీదే నిలబడి, ఇటుక చేతిలో పట్టుకుని ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. విల్ఫ్ బల్ల కాలు పట్టుకుని నిలబడ్డాడు, అది కదలకుండా.

"నన్ను క్షమించు," అన్నాడు.

"ఆలోచిస్తా," అంది ఆమె. "ముందు ఈ ఇటుక అందుకో."

ఐదున్నరకి పదకొండో వరస తీశారు. మిగిలిన గోడ నోరీన్ నడుం దాకా వచ్చింది. విల్ఫ్ వేళ్ళతో పై అంచు తడిమి చూసి, పదమూడో వరస గట్టిగానే ఉందన్నాడు. పైన కప్పు రాళ్ళు మాత్రం ఏప్రిల్ దాకా పెట్టనన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆదివారం ఉదయం పదింటికి నోరీన్ ఏడు కుండీలనీ గోడ మీద వరసగా పెట్టింది. లోపలికెళ్ళి సింకు దగ్గర నిలబడి చూసింది. బయటికొచ్చి రెండింటి చోట్లు మార్చింది. మళ్ళీ వెళ్ళి చూసింది. కిటికీ తీసి, అవతల రోలర్లు లేకుండా నిలబడ్డ బెరిల్‌ని పిలిచింది.

"వాటిల్లో ఒకటి నువ్వు తీసుకో. నీ వైపు నాటుకో."

"నాకు మొక్కల సంగతి తెలీదే."

"ఆకు చూసి తీసుకో. వేరే ఏమీ చూడక్కర్లేదు."

బెరిల్ ఒక్కో ఆకునీ వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. తెల్ల అంచుది వదిలేసింది. ముడతలది వదిలేసింది. అలా చూస్తూనే, తల ఎత్తకుండా, "పాపకి ఏం పేరు అనుకున్నారు?" అని అడిగింది.

నోరీన్ కిటికీలోంచి విల్ఫ్ వైపు చూసింది. అతను గడ్డి మీద ముక్కాలి పీట వేసుకుని, ఇటుకలకి అంటిన పాత మాలు గీకుతున్నాడు.

"వినిఫ్రెడ్," అన్నాడు విల్ఫ్. "మా అమ్మ పేరు."

బెరిల్ హృదయం ఆకారంలో ఆకు ఉన్నది తీసుకుంది. పదకొండూ పావుకి దాన్ని గోడ అవతల నాటారు. గుంత గెయిల్ తవ్వింది, నీళ్ళు బెరిల్ పోసింది. మిగిలిన ఆరూ నోరీన్ గోడ ఇవతల నాటింది, ఒంటి గంటకి అయింది. ఆ సాయంత్రానికి విల్ఫ్ మూడు వందల పంతొమ్మిది ఇటుకల్లో నూట నాలుగు శుభ్రం చేశాడు.